అశోకా రోడ్డు మీద జేబు కెమెరా: రోజువారీ ఫోటోలకు ఏది ఎంచుకోవాలి?

చేతిలో మంచి ఫోనుండగా మళ్ళీ ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనడం అవసరమా? కొంటే ఏది కొనాలి? కొన్నేళ్ళ కిందట ఈ ప్రశ్న అడిగేవాళ్ళే కనిపించేవారు కాదు. ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. ఉద్యోగాల కోసం గురుగ్రామ్, నోయిడా వచ్చి స్థిరపడిన మనవాళ్ళు అడుగుతున్నారు. సివిల్స్ చదువుకని కరోల్‌బాగ్‌లో గది తీసుకున్న పిల్లలు అడుగుతున్నారు. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో నెల్లాళ్ళు ఉండి వెళ్దామని ఢిల్లీ వచ్చిన రిటైరైన మేష్టార్లూ అడుగుతున్నారు. దుకాణాల్లో చెప్పే జవాబు మెగాపిక్సెళ్ళతో మొదలై డిస్కౌంటుతో ముగుస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది వేరు: మీకు ఏ కెమెరా కావాలో మీరు ఇప్పటికే తీసిన ఫోటోలే చెబుతాయి. వాటిని సరిగ్గా చదవడం తెలిస్తే చాలు.

చదవడానికి పాఠశాలగా నేను అశోకా రోడ్డును ఎంచుకున్నాను. ఇండియా గేట్ చుట్టూ ఉన్న షడ్భుజి దగ్గర మొదలై, విండ్సర్ ప్లేస్, పటేల్ చౌక్ దాటి, గోల్ డాక్‌ఖానా దాకా సాగే ఈ దారి రమారమి రెండు కిలోమీటర్లు. మొదట్లోనే ఏడో నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్. ఆ పక్కనే తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్. చివర్లో బంగారు గుమ్మటంతో బంగ్లా సాహిబ్ గురుద్వారా. మిట్టమధ్యాహ్నపు ఎండ, చెట్ల నీడ, ట్యూబులైట్ల కింద భోజనాల గది, దూరాన ఉన్న శిఖరం, సాయంకాలపు నీళ్ళలో దీపాల నీడ అన్నీ ఈ ఒక్క రోడ్డు మీదే దొరుకుతాయి. రోజువారీ ఫోటోగ్రఫీకి ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

పోయి మళ్ళీ వచ్చిన వస్తువు

తెలుగు ఇళ్ళల్లో కెమెరా చరిత్ర పొట్టిదేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద బొమ్మలు తీసిన రోజుల్లో ఒక్కో ఫోటోకు పెద్ద సరంజామా మోసుకెళ్ళాలి. ఆయన గాజు నెగెటివ్‌లు పెద్ద సంఖ్యలో ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం మనకు ఫోటో అంటే స్టూడియోనే. ఇంట్లోకి వచ్చిన కెమెరాలు ఆగ్ఫా క్లిక్-3, ఎనభైల్లో హాట్‌షాట్, ఆపైన కొడాక్ కేబీ-10. రోలుకు మహా అయితే ముప్ఫయ్యారు ఫోటోలే కాబట్టి నొక్కే ముందు ఆలోచించేవాళ్ళం.

2000 తర్వాత డిజిటల్ కెమెరా వచ్చి ఆ లెక్కను చెరిపేసింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా అంకెల ప్రకారం, 2010లో లెన్సు బిగించి వచ్చే చిన్న కెమెరాలు ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లకు పైగా మార్కెట్లోకి వెళ్ళాయి. 2023 నాటికి అవి 17 లక్షల దగ్గరికి పడిపోయాయి. ఫోను వాటిని మింగేసింది. 2024లో ఆ సంఖ్య మళ్ళీ కాస్త పెరిగి 18 లక్షలు దాటింది. పెరుగుదల చిన్నదే. అయినా పదేళ్ళకు పైగా కిందికే జారిన గీత పైకి తిరగడం విశేషమే. కొత్తతరం పిల్లలు పాత డిజిటల్ కెమెరాల మీద మోజుపడటం ఒక కారణం. 2022 ప్రాంతంలో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీ సోషల్ మీడియాలో వెలిగి, దుకాణాల్లో దొరక్కుండా పోవడం ఇంకో కారణం. ఫోను తీసే ఫోటోలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయన్న విసుగు అన్నిటికన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం.

కాబట్టి ముందు ఫోనుతో న్యాయంగా లెక్క చూడాలి. ఎండలో, దగ్గరగా, కదలని వస్తువును తీసి వాట్సాప్‌లో పంపడానికి ఫోనును మించింది లేదు. పదిహేను ఇరవై వేల కొత్త కెమెరా ఆ పనిలో ఫోను కన్నా మెరుగైన ఫలితం ఇవ్వదు. ఫోను తడబడేది మూడు చోట్ల: వెలుతురు తగ్గినప్పుడు, దూరం పెరిగినప్పుడు, చేతికి పట్టు కావలసినప్పుడు. చిన్న కెమెరా ఈ మూడింటిలో కనీసం ఒక్కదాన్నైనా తీర్చాలి. లేకపోతే డబ్బు దండగ.

మొదటి పరీక్ష: వెలుతురు

ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం వేళ. స్టీలు పళ్ళెం, వేడి అన్నం మీద పప్పు, పొడి, నెయ్యి, అంచున పచ్చళ్ళు, ఎడతెరిపి లేకుండా తిరిగే వడ్డన. పైన దీపాలు, పక్కన కిటికీ. కంటికి ఆ గది వెలుతురుగానే కనిపిస్తుంది. కెమెరాకు మాత్రం అది మసక. అలాంటి గదుల్లో టేబుల్ మీద పడే వెలుతురు సుమారు 200 లక్స్ అనుకుందాం. బయటి ఎండ దానికి కొన్ని వందల రెట్లు.

వడ్డించే చెయ్యి మరీ చెదిరిపోకుండా ఉండాలంటే షట్టర్ సెకనులో నూరో వంతుకు తగ్గకూడదు. ఆ లెక్కన లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటే (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు) ఐఎస్‌వో, అంటే సెన్సర్ సున్నితత్వం, 400 సరిపోతుంది. ఎఫ్ 2.8 అయితే 1000 కావాలి. చవక జూమ్ కెమెరాలో లెన్సును పూర్తిగా ముందుకు లాగితే ఎఫ్ 6.4 దగ్గర ఆగుతుంది. అప్పుడు ఐఎస్‌వో 5000 కావాలి. అదే గది, అదే పళ్ళెం, లెన్సు తేడాతో పన్నెండు రెట్ల అంతరం. ఐఎస్‌వో పెరిగేకొద్దీ అన్నం మెతుకులు విడివిడిగా కనిపించకుండా ముద్దగా మారతాయి, పప్పు పసుపు తేలిపోతుంది. అందుకే అట్ట పెట్టె మీద మెగాపిక్సెళ్ళ కన్నా ముందు చదవాల్సింది లెన్సు మీద రాసిన ఎఫ్ అంకె.

రెండోది సెన్సర్ వైశాల్యం. చాలా చవక కాంపాక్టుల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు, అంటే ఒక శనగబద్దంత. ‘ఒక అంగుళం’ తరగతి సెన్సర్ 13.2 × 8.8 మి.మీ. వైశాల్యంలో దానికి నాలుగు రెట్లు. రికో జీఆర్, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వాడే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ., అంటే మొదటిదానికి పదమూడు రెట్లు. అదే ఎఫ్ అంకెకు పెద్ద సెన్సర్ మీద ఎక్కువ వెలుతురు చేరుతుంది, ఫోటోలో గ్రెయిన్ తగ్గుతుంది, ఎండా నీడా రెండూ ఉన్న దృశ్యంలో వివరాలు నిలుస్తాయి. ఈ రోజుల్లో ఖరీదైన కొన్ని ఫోన్లలో కూడా ఒక అంగుళం తరగతి సెన్సర్లు వస్తున్నాయి. అలాంటి ఫోను మీ చేతిలో ఉంటే 1/2.3 అంగుళాల కెమెరాను వెలుతురు కోసం కొనడం తిరోగమనమే.

క్యాంటీన్‌లో ఇంకో చిక్కుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు నూరుసార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి తెలియదు. ఫోనులో షట్టర్ వేగం పెరిగితే ఫోటోలో అడ్డ చారలు పడతాయి, ఎందుకంటే ఫోను సెన్సర్ దృశ్యాన్ని పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. సోనీ ఆర్ఎక్స్100, రికో జీఆర్, ఫ్యూజీ ఎక్స్100 వంటి వాటిలో లెన్సులోనే రెక్కల షట్టర్ ఉంటుంది. అది ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి వెలిగిస్తుంది కాబట్టి చారలు పడవు. అప్పటికీ ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ వెలుతురు మారొచ్చు. షట్టర్‌ను 1/50 లేదా 1/100 మీద ఉంచితే ఆ బెడదా తప్పుతుంది. వీడియోకైతే 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకోవాలి. 30, 60 అనేవి 60 హెర్ట్జ్ దేశాల లెక్క.

రెండో పరీక్ష: దూరం

ఇండియా గేట్ ముందు కుటుంబం ఫోటో తీయని తెలుగువాడు ఉండడు. 42 మీటర్ల ఆ తోరణం ముందు అందర్నీ నిలబెట్టి, నాలుగడుగుల దూరం నుంచి ఫోనుతో తీస్తే ఏమవుతుందో మీ ఆల్బమ్ తెరిచి చూడండి. మనుషులు పెద్దగా, అంచుల్లో ఉన్నవాళ్ళ మొహాలు సాగినట్టుగా, వెనకాల గేటు అగ్గిపెట్టె అంత. ఫోను ప్రధాన లెన్సు 35 మి.మీ. ఫిల్మ్ లెక్కలో 24 – 26 మి.మీ. లెన్సుకు సమానం కావడమే దీనికి కారణం. అది వెడల్పు లెన్సు. దగ్గరివాటిని పెంచుతుంది, దూరపువాటిని కుదిస్తుంది.

ఇప్పుడు 24 – 100 మి.మీ. జూమ్ ఉన్న కెమెరాతో ఇంట్లోవాళ్ళను అక్కడే ఉంచి, మీరు ఓ పన్నెండు అడుగులు వెనక్కి నడిచి, 85 – 100 మి.మీ. దగ్గర తీయండి. మనుషులు ఇంచుమించు అంతే ఉంటారు. వెనకాల గేటు మాత్రం ఫ్రేము నిండా లేచి నిలబడుతుంది. ముక్కూ చెంపలూ సహజంగా ఉంటాయి. ఫోటోగ్రాఫర్ అడుగులు మారితేనే దృశ్యం మారుతుంది. ఆ అడుగులకు అవకాశం ఇచ్చేది జూమ్. ఇవాళ మూడు రెట్లు, ఐదు రెట్ల టెలిఫోటో లెన్సున్న ఫోన్లు ఈ పని పగటిపూట బాగానే చేస్తాయి. వెలుతురు తగ్గగానే ఆ లెన్సును పక్కనపెట్టి ప్రధాన లెన్సు బొమ్మనే కత్తిరించి చూపే ఫోన్లు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ హౌస్ గుమ్మటం ప్రహరీ వెనకాల దూరంగా ఉంటుంది. దాన్ని తీయాలంటే 100 మి.మీ. పైన కావాలి. పక్షుల మీద సరదా ఉన్నవాళ్ళకైతే 400 మి.మీ. దాటాలి. మీ అవసరం ఎంతో ఊహించుకోనక్కర్లేదు. ఫోనులో గత ఏడాది ఫోటోలు తీసి, ఒక్కోదాని వివరాలు తెరవండి. ఏ లెన్సు, ఎంత జూమ్, ఎంత షట్టర్, ఎంత ఐఎస్‌వో అన్నీ అక్కడ రాసి ఉంటాయి. సగం ఫోటోలు వేళ్ళతో లాగి జూమ్ చేసినవైతే మీకు జూమ్ కెమెరా కావాలి. సగం ఫోటోలు రాత్రిపూట ఇంట్లో తీసినవైతే ఎఫ్ అంకె తక్కువున్న లెన్సు, పెద్ద సెన్సర్ కావాలి. రెండూ కాకపోతే మీ ఫోను మీకు చాలు.

మూడో పరీక్ష: చెయ్యి

రోజువారీ కెమెరాకు మొదటి అర్హత రోజూ వెంట ఉండటం. 300 గ్రాముల లోపుది చొక్కా జేబులో కాకపోయినా ప్యాంటు జేబులో, హ్యాండ్‌బ్యాగులో ఇముడుతుంది. అర కిలో దాటినది మెడలో వేసుకోవాలి. అలా వేసుకునే ఓపిక మీకు ఏడాది పొడుగునా ఉంటుందా అన్నది మీరే తేల్చుకోవాలి.

జేబులోంచి తీసి ఫోటో తీసేలోపు ఎంతసేపు పడుతుందన్నది తర్వాతి లెక్క. రికో జీఆర్ 3 ఒక సెకను లోపే సిద్ధమవుతుంది. పొడవాటి జూమ్ లెన్సు బయటికి రావాల్సిన కెమెరాలకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. పిల్లాడి నవ్వుకు ఆ కొంచెమే చాలు, ఆగదు.

ఢిల్లీ ఎండలో వెనక తెర మీద ఏమీ కనిపించదు. మే నెల మధ్యాహ్నం కర్తవ్య పథ్ మీద నిలబడి తెర చూస్తూ ఫ్రేము కట్టడం అంటే గుడ్డిగా నొక్కడమే. కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉంటే ఈ బాధ లేదు. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7లో అది పైకి లేచే చిన్న కిటికీ. ఫ్యూజీ ఎక్స్100లో ఎప్పుడూ ఉండేదే. కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3లో, రికో జీఆర్‌లో అసలు లేదు. అదే ఎండలో టోపీ కింద నల్లబడే మొహానికి నిజమైన ఫ్లాష్ మందు. రెక్కల షట్టర్ ఉన్న కెమెరాల్లో పట్టపగలు కూడా ఎక్కువ షట్టర్ వేగంతో ఫ్లాష్ పనిచేస్తుంది. ఫోనులో ఉండే ఎల్ఈడీ దీపం ఈ పనికి చాలదు. జీఆర్ 3లో లోపలి ఫ్లాష్ లేదన్నది గుర్తుంచుకోవాలి.

వేడి సంగతీ చూడాలి. చాలా కెమెరాల పుస్తకాల్లో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. ఢిల్లీ, విజయవాడ, రామగుండం వేసవులు ఆ గీత దాటతాయి. ఎండలో పార్కు చేసిన కారులో కెమెరా వదలకండి, పొడవాటి 4కె వీడియోలు తీయకండి. దుమ్ము రెండో శత్రువు. బయటికి వచ్చి లోపలికి వెళ్ళే లెన్సు ప్రతిసారీ గాలినీ, గాలితోపాటు ధూళినీ లాగుతుంది. జీఆర్ వాడేవాళ్ళు సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని ఏళ్ళ తరబడి చెబుతున్నారు. జిప్పున్న చిన్న సంచీ ఒకటి తప్పనిసరి.

బ్యాటరీ లెక్క కూడా ముందే తెలియాలి. సీపా కొలతల్లో జీఆర్ 3 ఒక ఛార్జింగుకు సుమారు 200 ఫోటోలు, జీ7 ఎక్స్ మార్క్ 3 సుమారు 235, ఆర్ఎక్స్100 మార్క్ 7 సుమారు 260 ఇస్తాయి. ఫోనుకు అలవాటుపడ్డవాళ్ళకు ఇది తక్కువే. కెమెరా ధరలో రెండో బ్యాటరీ ధర కలిపి లెక్కవేసుకోండి.

ఏ తరగతిలో ఏది

మొదటి తరగతి, అన్నిటికీ ఒక్కటే కావాలనుకునేవాళ్ళది: ఒక అంగుళం సెన్సర్, జూమ్ లెన్సు. 2012లో సోనీ ఆర్ఎక్స్100 ఈ దారి తెరిచింది. అందులో 2014 నాటి మార్క్ 3 నుంచి 24 – 70 మి.మీ., ఎఫ్ 1.8 – 2.8 లెన్సు, వ్యూఫైండర్ వచ్చాయి. 2019 నాటి మార్క్ 7లో జూమ్ 200 మి.మీ. దాకా ఉంటుంది, కానీ ఎఫ్ అంకె 2.8 – 4.5, అంటే వెలుతురు తక్కువ. బరువు 302 గ్రాములు. దూరం కావాలంటే మార్క్ 7, ఇంట్లో దీపాల కింద పిల్లల్ని తీయాలంటే మార్క్ 3 నుంచి 5 దాకా. అదే 2019లో వచ్చిన కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3 లెన్సు 24 – 100 మి.మీ., ఎఫ్ 1.8 – 2.8. కుటుంబ ఫోటోలకు ఈ లెన్సు ఈ తరగతిలో అన్నిటికన్నా కుదురైనది, మనుషుల ఒంటి రంగు కూడా బాగుంటుంది. వ్యూఫైండర్ లేకపోవడం, ఈమధ్య దొరకడం కష్టమవడం దాని లోపాలు. వీడియో ముఖ్యమైతే 2020 నాటి సోనీ జెడ్‌వీ-1, 2025లో వచ్చిన కానన్ పవర్‌షాట్ వీ1 చూడొచ్చు. వీ1 సెన్సర్ అంగుళం తరగతి కన్నా పెద్దది, వేడి తగ్గించే ఫ్యాన్ ఉంది, లెన్సు 16 మి.మీ. నుంచి మొదలవుతుంది.

రెండో తరగతి, జూమ్ లేకుండా పెద్ద సెన్సర్. రికో జీఆర్ 3 (2019) 28 మి.మీ. సమానం, ఎఫ్ 2.8, 257 గ్రాములు. జీఆర్ 3ఎక్స్ (2021) 40 మి.మీ. సమానం. జీఆర్ 3 స్థానంలో 2025లో జీఆర్ 4 వచ్చింది. బజారులో నడుస్తూ, బస్సు దిగుతూ, టీ కొట్టు దగ్గర ఆగి ఫోటోలు తీసేవాళ్ళకు జేబులో పట్టే కెమెరాల్లో ఇంతకన్నా నాణ్యమైనది లేదు. మనుషుల్ని ఎక్కువగా తీసేవాళ్ళకు 40 మి.మీ. మేలు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100-6 (2024) 35 మి.మీ. సమానం, ఎఫ్ 2, 40 మెగాపిక్సెళ్ళు, సెన్సర్‌కు చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు, గాజు కిటికీలాంటి వ్యూఫైండర్, ఫ్లాష్. బరువు 521 గ్రాములు, ధర లక్షన్నర పైమాటే. ఇది జేబు కెమెరా కాదు, భుజాన వేసుకునే కెమెరా. ఫోటోగ్రఫీ మీద గట్టి ప్రేమ ఉండి, జూమ్ లేకుండా అడుగులతో ఫ్రేము కట్టుకునేవాళ్ళకే ఇది తగుతుంది.

మూడో తరగతి, చిన్న సెన్సర్ మీద పొడవాటి జూమ్. 2025లో వచ్చిన పానసోనిక్ టీజడ్99 24 – 720 మి.మీ. చేరుతుంది. పట్టపగలు గుడి గోపురాలు, పక్షులు, స్టేడియంలో ఆటగాళ్ళు, స్కూలు వార్షికోత్సవంలో దూరపు వేదిక దీని రాజ్యం. సాయంత్రమైతే దీని బలం తగ్గుతుంది. పైన చెప్పిన ఐఎస్‌వో 5000 లెక్క దీనికే.

నాలుగోది, నీళ్ళకు దుమ్ముకు చలించనివి. ఓఎం సిస్టమ్ టీజీ-7 (2023) 15 మీటర్ల లోతు దాకా నీళ్ళలో పనిచేస్తుంది, ఎఫ్ 2 లెన్సు, పువ్వుల మీద వాలిన పురుగుల్ని కూడా అతి దగ్గరగా తీస్తుంది. రుషికొండ అలల్లో ఆడే పిల్లలకు, వానలో పొలం గట్ల మీద తిరిగేవాళ్ళకు, హోలీకి ఇదే సరి. ఇంట్లో దీపాల కింద ఫోను కన్నా మెరుగని ఆశించకండి.

ఐదోది, కొత్తతరం ముచ్చటపడే పాత డిజిటల్ కెమెరాలు. 2005 – 2012 మధ్య వచ్చిన కానన్ ఇక్సస్, నికాన్ కూల్‌పిక్స్, సోనీ సైబర్‌షాట్‌ల ఫ్లాష్ వెలుగులో మొహం తెల్లగా, వెనకాల చీకటిగా వచ్చే ఆ రూపం వాళ్ళకు నచ్చింది. అది గమనించి కానన్ తన 2016 నాటి చిన్న కెమెరా ఎల్ఫ్ 360ని 2025లో స్వల్ప మార్పులతో మళ్ళీ విడుదల చేసింది. బీరువాలో ఎక్కడో ఇంట్లో పాతదొకటి ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి. కొనేట్టయితే మూడు చూడండి. బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతుందా? కార్డు ఏ రకం? కొన్ని ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలకు ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీలకు మెమరీ స్టిక్‌లు కావాలి, అవి దొరకడం గగనం. మరీ పాత ఎస్‌డీ కెమెరాలు 2 జీబీ దాటిన కార్డును గుర్తించవు. లెన్సు బయటికి వచ్చి నిండుగా లోపలికి పోతోందా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికినప్పుడే జేబులో చెయ్యి పెట్టండి.

మెగాపిక్సెళ్ళ మాట

దుకాణంలో ఇదే పెద్ద మాటగా చెబుతారు కాబట్టి లెక్క చూద్దాం. 4 × 6 అంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు సరిపోతుంది. 20 మెగాపిక్సెళ్ళ ఫోటోను 12 × 18 సైజులో, గోడకు తగిలించే ఫ్రేముగా, ఏ లోటూ లేకుండా ముద్రించవచ్చు. ఈ వ్యాసంలో చెప్పిన కొత్త కెమెరాలు చాలామటుకు 20 మెగాపిక్సెళ్ళకు అటూ ఇటూ ఉన్నవే. ఎక్స్100-6 వంటి వాటిలో 40 ఉండటం కత్తిరించుకోవడానికి పనికొస్తుంది. అంతకు మించి ఆ అంకెకు రోజువారీ ఫోటోలో పెద్ద పనిలేదు.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి

ఢిల్లీలో కెమెరాల బజారంటే చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ. కొత్తవీ పాతవీ, బ్యాటరీలు, సంచులు, మరమ్మతులు అన్నీ ఆ ఇరుకు సందుల్లో దొరుకుతాయి. బేరం కుదురుతుంది. అక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది బిల్లు దగ్గర. డిజిటల్ కెమెరా మీద జీఎస్టీ 28 శాతం నుంచి 2019 జనవరిలో 18కి తగ్గింది. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తామంటే, ఆ తగ్గింపు మీ వారంటీ పోగొట్టుకున్నందుకు ఇచ్చేదేనని తెలుసుకోండి. బయటి దేశాల నుంచి చాటుగా వచ్చిన కెమెరాకు ఇక్కడి కంపెనీ సర్వీసు ఇవ్వకపోవచ్చు. వారంటీ కార్డు మీద ఇండియా అని ఉందో లేదో, పెట్టె మీది నంబరు కెమెరా కింది నంబరుతో కలిసిందో లేదో చూడండి. మీరు చివరికి ఉండబోయేది హైదరాబాదో విశాఖో అయితే, ఆ బ్రాండుకు అక్కడ అధీకృత సర్వీసు సెంటరు ఉందో లేదో ముందే కనుక్కోండి.

పాతది కొనేట్టయితే పట్టపగలు ఆకాశం వైపు ఎఫ్ 11 లేదా ఎఫ్ 16లో ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. సెన్సర్ మీద దుమ్ము ఉంటే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. కొన్ని చిన్న కెమెరాల్లో ఎపర్చరు అంత దూరం పోదు. అప్పుడు ఎంత దాకా పోతే అంత దాకా మూసి తీయండి. లెన్సును పది పన్నెండుసార్లు బయటికి లోపలికి పంపి శబ్దం వినండి. ఫ్లాష్ వెలిగించండి. పాత ఆర్ఎక్స్100 మార్క్ 3, మార్క్ 4, మార్క్ 5 మంచి స్థితిలో దొరికితే, ఇవాళ కొత్తగా దొరికే చవక కాంపాక్టులన్నిటికన్నా అవే మేలు. ఈ వ్యాసంలో నిస్సంకోచంగా చెప్పగలిగిన సలహాల్లో ఇదొకటి.

తీసేవాళ్ళ మర్యాద

అశోకా రోడ్డు గట్టి భద్రత ఉన్న దారి. హైదరాబాద్ హౌస్‌కు విదేశీ నేతలు వచ్చే రోజుల్లో పోలీసులు ఆగవద్దంటే ఆగకండి, కెమెరా దించమంటే దించండి. బంగ్లా సాహిబ్‌లో తల కప్పుకుని, చెప్పులు వదిలి వెళ్ళాలి. దర్బారు సాహిబ్ లోపల ఫోటోలు తీయకూడదు. సరోవరం ఒడ్డున సాయంత్రం నిలబడితే బంగారు గుమ్మటం నీళ్ళలో దిగుతుంది. మంచి సెన్సర్‌కు, మంచి లెన్సుకు అదే అసలు పరీక్ష. అక్కడ స్నానం చేసే భక్తుల మీద మాత్రం లెన్సు పెట్టకండి. భవన్ క్యాంటీన్‌లో పక్క బల్ల మీద తినేవాళ్ళూ అంతే. చిన్న కెమెరా ఎవరికీ కనిపించకపోవచ్చు. అందుకే అడిగి తీయాల్సిన బాధ్యత ఇంకా ఎక్కువ.

తీర్పు

ఫోనుతోనే ఎండలో, దగ్గర్లో తీసి పంచుకునేవాళ్ళు కెమెరా కొనక్కర్లేదు. ఇల్లు, పిల్లలు, ప్రయాణాలు, పెళ్ళిళ్ళు అన్నిటికీ ఒకే కెమెరా కావాలంటే ఒక అంగుళం సెన్సర్ జూమ్ కెమెరా. వెలుతురు ముఖ్యమైతే కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3 గానీ పాత సోనీ మార్క్ 3 – 5 గానీ, దూరం ముఖ్యమైతే మార్క్ 7. వీధుల్లో రోజూ నడుస్తూ తీసేవాళ్ళకు రికో జీఆర్. డబ్బుకీ బరువుకీ వెనకాడనివాళ్ళకు ఎక్స్100-6. పట్టపగటి దూరాలకు టీజడ్99. నీళ్ళకు టీజీ-7. మా ఇంట్లో రెండేళ్ళుగా ఉన్నది సెకండ్‌హ్యాండ్ మార్క్ 3. దాన్ని మార్చాలన్న ఆలోచన నాకు ఇప్పటిదాకా రాలేదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక్క సాయంత్రం కేటాయించండి. ఫోనులో గత ఏడాది ఫోటోలు తెరిచి, చీకట్లో చెడిపోయినవి ఒక పక్క, దూరం వల్ల చెడిపోయినవి ఇంకో పక్క, చెయ్యి ఆలస్యమై జారిపోయినవి మరో పక్క పెట్టండి. ఏ కుప్ప పెద్దదో ఆ కుప్పకు మందు వేసే కెమెరానే మీది. కొన్నాక దాన్ని బీరువాలో దాచకండి. రోజూ వెంట తీసుకెళ్ళండి, ఏడాదికి ఒకసారైనా మీ వాళ్ళ ఫోటోలు ఎంచి కాగితం మీద ముద్రించి ఇవ్వండి.